తొలి గడప తప్పించే డబ్బా గారికి

లైనక్స్ ఇన్‌స్టాలర్‌లో పార్టిషన్ల పట్టిక కింద, అట్టడుగున కాపురముండే 'బూట్ లోడర్ ఎక్కడ పెట్టాలి' డబ్బా గారికి,

కడపలో పాత కంప్యూటర్లకు లైవ్ పెన్‌డ్రైవ్ గుచ్చి లైనక్స్ ఎక్కించే వాళ్లందరం దండం పెట్టి రాసుకునేదేమంటే...

సామీ, తిరుమలకు పోయేవాళ్లు ముందు తొలి గడప అయిన దేవుని కడపలో మొక్కుకోవాలంటారు. హార్డ్ డిస్కుకూ ఒక తొలి గడప ఉంది, అదే మిషన్ ఆన్ కాగానే సిస్టమ్‌ను లేపే బూట్ లోడర్. అది ఏ డిస్కుకు వేయాలో తేల్చే అధికారం మీ చేతిలో పెట్టినారు. అయినా మీ వినయమే వినయం! పట్టిక తెరంతా పరుచుకుని కూర్చుంటే, మీరు చెప్పులు విడిచే చోట నిలబడిన చుట్టంలా ఒక్క వరుసలో సర్దుకుంటారు. రూట్‌కు (సిస్టమ్ కూర్చునే పార్టిషన్‌కు) 30 జీబీ చాలునా 40 కావాలా అని అరగంట కొట్లాడినవాళ్లు మీ మొహమైనా చూడకుండా 'ఇన్‌స్టాల్ నౌ' నొక్కేస్తారు. ఆ అవమానం మీరు మనసులో పెట్టుకుంటారు. రీస్టార్ట్ చేసినాక నల్ల తెర మీద 'నో బూటబుల్ డివైస్' అని జవాబిస్తారు.

మీరు ముందే ఎంచి పెట్టేది తరచుగా ఎస్‌డీఏ, అంటే లైనక్స్ మొదటి డిస్కుకు పెట్టే పేరు. లైవ్‌లో (పెన్‌డ్రైవ్ నుంచే లైనక్స్ నడిచేటప్పుడు) ఒక్కోసారి పెన్‌డ్రైవే ఎస్‌డీఏ అయిపోయి, లోపలి డిస్కు ఎస్‌డీబీ అవుతుంది. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32గా తయారుచేసి ఉంటే లైనక్స్ బూట్ లోడరైన గ్రబ్ పోయి అందులో కూర్చుంటుంది. సిస్టమంతా డిస్కులో, గడప మాత్రం పెన్‌డ్రైవ్‌లో! గుచ్చితే లేస్తుంది, పీకితే పడుకుంటుంది. అందుకే అక్షరాన్ని నమ్మకుండా ఎల్ఎస్‌బీఎల్‌కే అనే కమాండ్ కొట్టి సైజు చూడాల్సి వస్తోంది. 465.8జీ అని కనిపిస్తే అది 500 జీబీ డిస్కు, 14 చిల్లర కనిపిస్తే 16 జీబీ పెన్‌డ్రైవ్.

ఎస్‌డీఏ పక్కనే దాని మొదటి పార్టిషన్ ఎస్‌డీఏ1ను కూడా ఎందుకు వేలాడదీస్తారు సామీ? పాత మిషన్లను లేపే బయోస్ చదివేది డిస్కు మొట్టమొదటి సెక్టారు, 512 బైట్లు. అందులో కోడ్‌కు 446, నాలుగు పార్టిషన్ల లెక్కకు 64, చివర 55 ఏఏ అనే ముద్రకు 2. ఆ 446లో గ్రబ్ అంతా ఎక్కడ పడుతుంది? అక్కడుండేది పిలిచే మనిషి మాత్రమే. అసలు మనిషి మొదటి పార్టిషన్‌కు ముందున్న ఖాళీలో ఉంటాడు. ఇప్పటి డిస్కుల్లో పార్టిషన్ 2048వ సెక్టారు దగ్గర మొదలవుతుంది కాబట్టి చోటుకు కొదవ లేదు. ఎస్‌డీఏ1 అని నొక్కితే ఆ ఖాళీ దొరకక, బ్లాక్‌లిస్టులు (ఫైలు డిస్కులో ఎక్కడెక్కడ ఉందో రాసుకున్న చిట్టాలు) నమ్మదగినవి కావని గ్రబ్ గోల పెడుతుంది. డిస్కులో పార్టిషన్ల లెక్క కొత్త పద్ధతి జీపీటీ అయి, బూట్ పాత బయోస్‌లో అయితే ఆ ఖాళీని నమ్ముకోలేం. ఫార్మాట్ చేయని 1 ఎంబీ పార్టిషన్‌కు బయోస్_గ్రబ్ ఫ్లాగ్ పెట్టి ఇవ్వాలి. ఈ ముక్క మీరు ముందే చెప్పి ఉంటే ఎన్ని రాత్రులు మిగిలేవో.

ఇక బయోస్‌కు బదులు వచ్చిన యూఈఎఫ్ఐలో మీ వేషం చూడాల్సిందే. ఉబుంటు పాత ఇన్‌స్టాలర్ యుబిక్విటీలో మీరు 'ఏ డిస్కు నాయనా' అని అడుగుతారు, మేము బయటి ఎస్ఎస్‌డీ చూపిస్తాం, మీరు తలూపి మొదట దొరికిన ఈఎస్పీలోనే (బూట్ ఫైళ్లుండే చిన్న పార్టిషన్‌లోనే), అంటే లోపలి డిస్కులోనే, పెట్టేస్తారు. పెళ్లికూతురిని అడిగినట్టే అడిగి ముహూర్తం మీరే పెట్టుకున్నట్టు. ఆ ఎస్ఎస్‌డీ వేరే మిషన్‌కు తీసుకుపోతే లేవదు. ఆ ఎస్ఎస్‌డీ పీకేస్తే ఇంట్లోని మిషన్ గ్రబ్ ప్రాంప్ట్ దగ్గర నిలబడిపోతుంది. మీకు భయపడి జనం ముందే జీపార్టెడ్ అనే పార్టిషన్ల పనిముట్టులో లోపలి ఈఎస్పీకి బూట్, ఈఎస్పీ ఫ్లాగులు తీసేసి, పని అయినాక మళ్లీ పెడుతున్నారు.

ఈఎస్పీ మీద మాకు కోపం లేదు. ఉగాది రోజు దేవుని కడప గుడికి ముస్లింలూ వచ్చి మొక్కుతారు, ఒకే గడప. ఈఎస్పీలో కూడా మైక్రోసాఫ్ట్ ఫోల్డరు, ఉబుంటు ఫోల్డరు పక్కపక్కనే సర్దుకుంటాయి. దాన్ని ఫార్మాట్ చేస్తేనే తంటా, విండోస్ గడప కూడా ఊడుతుంది.

మీరు చెడగొట్టింది బాగు చేసుకునే తీరు కూడా వినండి. లైవ్‌ను సిస్టమ్ ఎక్కించిన మోడ్‌లోనే లేపాలి. సిస్ ఫర్మ్‌వేర్ కింద ఈఎఫ్ఐ డైరెక్టరీ ఉంటే యూఈఎఫ్ఐ, లేకుంటే బయోస్. రూట్ పార్టిషన్‌ను ఎంఎన్‌టీ ఫోల్డరులో మౌంట్ చేసి (తగిలించి), బూట్ విడిగా ఉంటే అదీ, యూఈఎఫ్ఐ అయితే ఈఎస్పీని బూట్-ఈఎఫ్ఐ చోట పెట్టాలి. డెవ్, ప్రాక్, సిస్, రన్ ఫోల్డర్లు నాలుగూ బైండ్ చేసినాకే, అంటే లైవ్‌లోవి అక్కడా కనపడేటట్టు చేసినాకే, సీహెచ్‌రూట్‌తో డిస్కులోని సిస్టమ్‌లోకి దిగాలి. డెవ్ మర్చిపోతే 'రూట్‌కు డివైస్ దొరకలేదు, డెవ్ మౌంట్ చేసినారా' అని ఎదురు ప్రశ్న వస్తుంది. తర్వాత గ్రబ్-ఇన్‌స్టాల్ (బయోస్ అయితే అంకె లేని డిస్కు పేరుతో), అప్‌డేట్-గ్రబ్. యూఈఎఫ్ఐలో బయటి డిస్కుకైతే రిమూవబుల్ అనే ఆప్షన్ కలపాలి, అప్పుడు ఏ 64-బిట్ యూఈఎఫ్ఐ పీసీ అయినా వెతికే బూట్ఎక్స్64 పేరుతో ఫైలు పడుతుంది.

ఇట్లు,
బూట్ మెనూ కోసం ఎఫ్12 మీట అరగదీసిన కడప వాళ్లు

తా.క.: మేము సినిమాలు దాచుకున్న డిస్కులో మీరు పొరపాటున పెట్టిపోయిన గ్రబ్‌ను డీడీ అనే కమాండ్‌తో తుడిచేటప్పుడు, అది ఎంబీఆర్ (పైన చెప్పిన 512 బైట్ల పాత పద్ధతి) డిస్కైతే, బీఎస్ 446, కౌంట్ 1 అని కొట్టాలి. 512 అని కొడితే పార్టిషన్ల లెక్కా తుడిచిపెట్టుకుపోతుంది. అప్పుడు ఇంకో ఉత్తరం, పోయిన పార్టిషన్లు వెతికిపెట్టే టెస్ట్‌డిస్క్ గారికి రాసుకోవాలి.