ఉత్తరం రాయించండి, జవాబు ఇప్పించండి

పదో తరగతి తెలుగు పరీక్షలో లేఖ రాయమంటారు. వీధిలో మురుగు కాలువ గురించి మున్సిపల్ కమిషనర్‌కు పిల్లలు చక్కగా రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ లేఖ మాత్రం ఏ కమిషనర్‌కూ చేరదు. ఈ డిసెంబరు 10న, మానవ హక్కుల దినోత్సవం నాడు, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కాలేజీల్లో నిజంగా చేరే ఉత్తరాలు రాయించాలని మేం కోరుతున్నాం.

ఉత్తరాలతో ఏమవుతుందని పెదవి విరిచేవాళ్లు ఉంటారు. 1961 మే నెలలో లండన్ లాయరు పీటర్ బెనెన్సన్ అబ్జర్వర్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. తమ అభిప్రాయాల వల్ల జైలుపాలైన వారి కోసం ఉత్తరాలు రాయమని అందులో అడిగారు. మానవ హక్కుల కోసం పనిచేసే ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ సంస్థ అలా పుట్టింది. తొలి రోజుల్లో ఒక్కో బృందం ముగ్గురు ఖైదీల కోసం రాసేది. పక్షపాతమనే నింద రాకుండా ఒకరిని పశ్చిమ దేశాల నుంచి, ఒకరిని కమ్యూనిస్టు దేశాల నుంచి, ఒకరిని మూడో ప్రపంచ దేశాల నుంచి ఎంచుకునేవారు. 1977లో ఆ సంస్థకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఇప్పటికీ ఏటా డిసెంబరులో ఎన్నో దేశాల విద్యార్థులు ముక్కూ మొహం తెలియని మనిషి కోసం కలం పడుతున్నారు. ఆ సంస్థ మన దేశంలో 2020లో పని ఆపేసినా, ఆ పద్ధతిని మనం వాడుకోవడానికి అడ్డేమీ లేదు.

మన న్యాయ చరిత్రలోనూ ఉత్తరానికి పెద్ద చోటే ఉంది. తీహార్ జైల్లో మరణశిక్ష పడిన ఒక ఖైదీ, వార్డర్ మరో ఖైదీని హింసించాడని సుప్రీంకోర్టు జడ్జికి రాశాడు. అతను రాసింది తన కోసం కాదు, పక్కవాడి కోసం. కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుంది. 1982లో ఫరీదాబాద్ క్వారీల్లో వెట్టి కార్మికుల గురించి వచ్చిన ఉత్తరాన్నీ అలాగే విచారించి, మరుసటి ఏడాది తీర్పు ఇచ్చింది.

కూలీలను పనులకు తీసుకెళ్లే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు కట్టుబడి ఊరు విడిచిన కుటుంబాలు పాలమూరులో ఎన్నో. ఆ ఇళ్ల పిల్లలు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నారు. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం వాళ్లకు పాఠం మాత్రమే కాదు, వాళ్ల అమ్మానాన్నల బతుకు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు మండలాల పిల్లలకు ఫ్లోరైడ్ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని పుస్తకంలో చదవకముందే వంగిన కాళ్లను వాళ్లు ఇంట్లోనే చూశారు. ఆ నీళ్ల గోడు దేశానికి వినిపించడానికి 1996లో నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీ చేయాల్సి వచ్చింది. ఇప్పుడు కృష్ణా నీళ్లు వచ్చినా, వంగిన ఎముకలు మళ్లీ నిటారు కావు. ఆ మనుషుల పింఛను, వైద్యం, చక్రాల కుర్చీ గురించి రాయాల్సింది ఇంకా చాలా ఉంది.

అయితే లెక్చరర్ రాసిచ్చిన నమూనాను ఐదు వందల మంది కాపీ చేసి, ఫొటో దిగి, కట్ట కట్టి పంపే తంతు మాత్రం వద్దు. ఆ కట్టను ఆఫీసులో ఎవరూ విప్పరు. ఊరి పేరు, జరిగిన తేదీ, ఎవరికి ఏం జరిగింది, ఏ అధికారి ఏం చేయాలి అన్నది విద్యార్థి తన మాటల్లో రాయాలి. ముందుగా బాధితుడి దగ్గరికి వెళ్లి, పేరు రాయవచ్చో లేదో అడగాలి. మేస్త్రీ చేతిలో పడిన కుటుంబం పేరు తొందరపడి బయటపెడితే ఆ ఇంటికే ముప్పు. ఈ జాగ్రత్త చెప్పకుండా కాలేజీలు పిల్లల చేత కలం పట్టించకూడదు. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు తెలుగులోనే రాయొచ్చు, ఫీజు లేదు. కానీ ఘటన జరిగిన ఏడాదిలోపే పంపాలి. చాలామంది ఆలస్యం చేసేది ఇక్కడే.

ఉత్తరం రాసిన పిల్లలను ఏ ప్రిన్సిపాలూ పిలిచి బెదిరించకూడదు. హాస్టల్ అన్నం గురించి రాసినా సరే. సోమవారం కలెక్టరేట్లలో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఈ ఉత్తరాలను వేరుగా నమోదు చేసి, రసీదు ఇచ్చి, నెల రోజుల్లో రాతపూర్వకంగా జవాబు పంపేలా రెండు జిల్లాల కలెక్టర్లు ఇప్పుడే ఆదేశాలివ్వాలి. పని కాకపోతే ఎందుకు కాలేదో ఆ జవాబులో ఉండాలి.