డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్‌కు ఎవరూ తాళం వేయలేదు

విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కి మారేవాళ్ల దగ్గరికి ఒక పాత సలహా మళ్లీ వచ్చి చేరుతోంది. దాని సారాంశం ఇదీ: “సి డ్రైవ్‌లో దాచిన ఫోల్డర్లు చూడండి. డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ అని ఒకటి కనిపిస్తుంది. మీ పాత ఫైళ్లన్నీ అందులో పెట్టి విండోస్ తాళం వేసింది. ఓనర్‌షిప్ తీసుకుని తెరవండి. అవే ఫైళ్లు యూజర్స్‌లోనూ ఉంటాయి కాబట్టి ఒక కాపీ డిలీట్ చేయండి. యాప్‌డేటా అంతా చెత్తే, అదీ తీసేయండి. యూజర్ ఫోల్డర్‌కి నచ్చిన పేరు పెట్టుకోండి. అప్‌డేట్ జోలికి మాత్రం పోకండి, ఫైళ్లు పోతాయి.”

మొదట ఆ తాళం సంగతి. అందులో అసలు ఫైళ్లే లేవు. విండోస్ 2000లో, ఎక్స్‌పీలో మన ఫైళ్లు డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ కిందే ఉండేవి. 2007 జనవరిలో మార్కెట్లోకి వచ్చిన విస్టా ఆ చోటును యూజర్స్‌గా మార్చింది. పాత పేరులో స్పేస్‌లతో కలిపి 22 అక్షరాలు, కొత్తదానిలో 5. ఫైలు పాత్ (డ్రైవ్ నుంచి ఫైలు పేరు దాకా పూర్తి చిరునామా) మొత్తం 260 అక్షరాలు దాటితే చాలా ప్రోగ్రాములు చేతులెత్తేసే రోజుల్లో అది చిన్న తేడా కాదు. కానీ పాత చిరునామాను నేరుగా కోడ్‌లో రాసేసుకున్న ప్రోగ్రాములు ఎన్నో ఉన్నాయి. అవి ఆగిపోకుండా పాత పేరుతో ఒక జంక్షన్, అంటే ఇంకో ఫోల్డర్‌కు దారి మళ్లించే గుర్తు, పెట్టారు. ఇల్లు మారినవాళ్లు పాత గుమ్మానికి కొత్త అడ్రస్ చీటీ అంటించి వెళ్లినట్టు. విండోస్ 11లోనూ ఆ చీటీ అలాగే ఉంది.

నమ్మకం కుదరకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో సి డ్రైవ్ మొదట్లోకి వెళ్లి డిఐఆర్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్లాష్ ఏఎల్ అని చేర్చండి. డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ ముందు జంక్షన్ అన్న ముద్ర, పేరు తర్వాత చదరపు బ్రాకెట్లలో సి:\యూజర్స్ అన్న గమ్యం కనిపిస్తాయి. మరి డబుల్ క్లిక్ చేస్తే యాక్సెస్ డినైడ్ అని ఎందుకొస్తుంది? ఆ జంక్షన్‌లోని జాబితాను చూడటాన్ని ‘అందరికీ’ నిరాకరిస్తూ పర్మిషన్ పెట్టారు కాబట్టి. అడ్మినిస్ట్రేటర్ కూడా ఆ అందరిలో ఒకరే. నిరాకరణ జాబితాకే తప్ప దారికి కాదు. మీ ఫైలు పూర్తి పాత్‌ను పాత పద్ధతిలో, డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్‌తో మొదలుపెట్టి టైప్ చేయండి, చక్కగా తెరుచుకుంటుంది. తాళం వేసిన గదిలోకి అలా వెళ్లలేం కదా.

ఓనర్‌షిప్ తీసుకుని ఆ నిరాకరణను తీసేస్తే వచ్చే తంటా వేరే ఉంది. ప్రోగ్రాములు తమ సెట్టింగులు, డేటా దాచుకునే యాప్‌డేటాలోని లోకల్ ఫోల్డర్‌లో అప్లికేషన్ డేటా అని ఇంకో జంక్షన్ ఉంటుంది. అది చూపించేది మళ్లీ ఆ లోకల్ ఫోల్డర్‌నే! జంక్షన్లను గుర్తుపట్టని బ్యాకప్ ప్రోగ్రాము అందులో దూరిందంటే అప్లికేషన్ డేటా, దాని లోపల అప్లికేషన్ డేటా, దాని లోపల మళ్లీ అదే... పాత్ పొడవు చాలక ఆగేదాకా గిరగిరా తిరుగుతుంది. విండోస్‌తో వచ్చే ఫైళ్ల కాపీ టూల్ రోబోకాపీలో జంక్షన్లను వదిలేయమని చెప్పడానికి ఎక్స్‌జే అనే ప్రత్యేక స్విచ్ ఉన్నది ఇలాంటి వాటికోసమే.

“ఒక కాపీ డిలీట్ చేయండి” అన్న మాట వీటన్నిటిలోకీ ప్రమాదం. రెండు కాపీలు లేవు. ఒకే ఫైలుకు రెండు దారులున్నాయి, అంతే. జంక్షన్ గుండా లోపలికి వెళ్లి ఫొటో తీసేస్తే యూజర్స్‌లోని ఫొటోనే పోతుంది. కొన్ని డిస్క్ లెక్కల టూల్స్ జంక్షన్ వెంట వెళ్లి అదే ఫైలును రెండుసార్లు లెక్కపెడతాయి. డిస్క్ నిండిపోతోందన్న టెన్షన్‌కి అది కూడా ఒక కారణం.

యాప్‌డేటా చెత్త కాదు. ఎక్స్‌పీ కాలపు అప్లికేషన్ డేటా, లోకల్ సెట్టింగ్స్‌లకు వారసురాలు అది. క్రోమ్ బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డులు లోకల్ కింద ఉంటాయి, ఫైర్‌ఫాక్స్ ప్రొఫైల్ యాప్‌డేటాలోనే ఉన్న రోమింగ్ ఫోల్డర్ కింద. లోకల్‌లోని టెంప్ ఫోల్డర్ ఒక్కటి ఖాళీ చేసుకోండి, మిగతాదాని జోలికి వెళ్లకండి.

పేరు మార్చడం గురించి రెండు ముక్కలు. ఏ ఖాతాకు ఏ ఫోల్డరో రిజిస్ట్రీ (విండోస్ తన సెట్టింగులు రాసుకునే చోటు) లోని ప్రొఫైల్‌లిస్ట్‌లో రాసి ఉంటుంది. అక్కడ మార్చకుండా ఫోల్డర్ పేరు మార్చేస్తే, మళ్లీ సైన్ ఇన్ అయినప్పుడు పాత ఫోల్డర్ దొరక్క విండోస్ తాత్కాలిక ప్రొఫైల్ ఇవ్వవచ్చు. డెస్క్‌టాప్ ఖాళీ. అందులో దాచుకున్నవి సైన్ అవుట్‌తో పోతాయి.

ఇక అప్‌డేట్ భయం. దీన్ని పూర్తిగా కొట్టిపారేయను. ఫైళ్లు “పోయాయి” అన్నచోట చాలాసార్లు అవి మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ స్టోరేజ్ అయిన వన్‌డ్రైవ్‌లో ఉంటాయి. దాని బ్యాకప్ ఆన్ అయితే డాక్యుమెంట్స్ ఫోల్డర్ యూజర్ పేరు కింద నుంచి వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోకి మారుతుంది, పాత చోటు ఖాళీగా కనిపిస్తుంది. అప్‌గ్రేడ్ తర్వాత పాత విండోస్‌ను దాచి ఉంచే విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌లో మిగిలినవి ఉంటే పది రోజుల్లోపు తీసుకోవాలి, ఆ తర్వాత విండోస్ దాన్ని తుడిచేస్తుంది.

నిజంగా ఫైళ్లు పోయిన సందర్భం కూడా ఉంది. 2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్, వెర్షన్ 1809. డాక్యుమెంట్స్‌ను వేరే డ్రైవ్‌కి మళ్లించి, పాత చోట కొన్ని ఫైళ్లు వదిలేసినవాళ్ల దగ్గర ఆ పాత ఫోల్డర్‌ను అనవసరపు నకలుగా భావించి తుడిచేసింది. మైక్రోసాఫ్ట్ కొద్దిరోజుల్లోనే దాన్ని ఆపేసి, సరిచేసి, నవంబర్ 13న మళ్లీ వదిలింది. ఒకే పేరుతో రెండు కనిపిస్తే ఒకటి డిలీట్ చేయమని ఈ సలహా మనకు చెబుతోంది చూడండి, ఆ అప్‌డేట్ చేసింది సరిగ్గా అదే పని.