బీపీ దానంతట అదే తగ్గితే సంబరపడకండి

మా పెదనాన్నది నెల్లూరు జిల్లా కావలి దగ్గర పల్లె. పదేళ్లు బీపీ మాత్ర వేసుకున్న మనిషి. ఒక ఏడాది ఉన్నట్టుండి బీపీ 100/60కి దిగింది. మాత్ర మాన్పించారు. పొలం పని వల్లే ఆరోగ్యం కుదుటపడిందని ఇంట్లో అందరం సంబరపడ్డాం. అదే ఏడాది ఆయన మొలతాడు రెండుసార్లు విప్పి వదులుగా కట్టుకున్నారు. అయినా స్నానానికి చొక్కా విప్పితే పొట్ట మీద ఎర్రటి గీత కనిపించేది. చేతులు చూస్తే పుల్లల్లా అయిపోయాయి. గ్యాస్ అనుకున్నాం. ఒక తెల్లవారుజామున రక్తం కక్కుకున్నాక గానీ అది లివర్ సిరోసిస్, అంటే లివర్ మచ్చలు పడి గట్టిపడే జబ్బు, అని తెలియలేదు.

బీపీ తగ్గడం, పొట్ట పెరగడం, రక్తపు వాంతి. ఈ మూడూ ఒకే జబ్బు. మూడింటికీ మూలం రక్తం నడిచే దారిలో ఉంది.

పేగుల నుంచి, ప్లీహం (స్ప్లీన్) నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర ద్వారా లివర్‌కి చేరుతుంది. లివర్‌కి నిమిషానికి దాదాపు లీటరున్నర రక్తం అందితే, అందులో ముప్పావు వంతు ఈ సిర తెచ్చేదే. లివర్ మచ్చలు పడి గట్టిపడితే ఆ రక్తానికి దారి ఉండదు. పెన్నా కాలువకు పూడిక అడ్డం పడితే నీళ్లు గట్టు మీదుగా చేలల్లోకి మళ్లినట్టు, రక్తం అన్నవాహిక చుట్టూ ఉన్న సన్నటి సిరల్లోకి మళ్లుతుంది. అవి అంత రక్తం కోసం పుట్టినవి కావు. ఉబ్బి ఉబ్బి ఒకనాడు పగులుతాయి.

బీపీ సంగతి ఇంకా చిత్రం. పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగేకొద్దీ నైట్రిక్ ఆక్సైడ్ లాంటి పదార్థాల వల్ల పేగుల వైపు రక్తనాళాలు వెడల్పవుతాయి. రక్తం అక్కడే నిలిచిపోతుంది. గుండె ఎంత వేగంగా కొట్టుకున్నా బీపీ పడిపోతూనే ఉంటుంది. తమకు రక్తం చాలడం లేదని కిడ్నీలు ఉప్పునూ నీటినీ బయటికి పోనివ్వవు. ఆ నీరే పొట్టలో చేరుతుంది. లివర్ తయారుచేసే అల్బుమిన్ అనే ప్రోటీన్ కూడా తగ్గడంతో రక్తంలోని నీరు నాళాల్లో నిలవదు. ఇలాంటి స్థితిలో మోకాళ్ల నొప్పికి ఒక్క డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేయించుకున్నా కిడ్నీలు కుప్పకూలవచ్చు. మన పల్లెల్లో ఆ ఇంజెక్షన్ ఎంత తేలిగ్గా దొరుకుతుందో చెప్పక్కర్లేదు.

మనకు లివర్ జబ్బంటే పచ్చకామెర్లే. కళ్లు పచ్చబడితే పసరు మందుకి పరిగెడతాం, పచ్చబడకపోతే లివర్ బాగుందనుకుంటాం. కానీ సిరోసిస్ వచ్చాక కూడా ఏళ్ల తరబడి కళ్లు తెల్లగానే ఉండొచ్చు. పెదనాన్న కళ్లు చివరిదాకా పచ్చబడలేదు.

సారా వ్యతిరేక ఉద్యమం పుట్టిన జిల్లా మనది. దూబగుంట రోశమ్మ, ఆమె వెంట నడిచిన ఆడవాళ్ల పోరాటం వల్లే 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. తాగుడు కొంపలు కూలుస్తుందని ఈ నేలకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. అయితే తాగుడొక్కటే కారణమనుకోవడం ఇంకో ప్రమాదం. హెపటైటిస్ బి, సి, షుగర్‌తో కలిసి వచ్చే ఫ్యాటీ లివర్ కూడా ఇక్కడికే తెస్తాయి. గుక్కెడు ముట్టని ఆడమనిషికి ఈ జబ్బు వస్తే చుట్టాలు ఆమెను చూసే చూపు నాకు తెలుసు. ఆ చూపుకు భయపడి రిపోర్టులు దాచుకునేవాళ్లున్నారు.

తిండి విషయంలోనూ తలకిందులుగా చేస్తాం. పథ్యమని గుడ్డు, పప్పు, చేప మాన్పించి, నోటికి రుచి ఉండాలని ఆవకాయ, ఎండుచేప పెడతాం. అసలు తగ్గించాల్సింది ఉప్పు. మాంసకృత్తులు మానితే ఉన్న కాస్త కండా కరిగిపోతుంది. రాత్రి పడుకునే ముందు కూడా ఏదో ఒకటి తినిపించాలి.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఒక కాగితం. రక్తపు వాంతికి రెండేళ్ల ముందు పెదనాన్నకు జ్వరం వస్తే తీయించిన రిపోర్టు అది. ప్లేట్‌లెట్లు 84 వేలు. డెంగ్యూ సీజన్ కదా, బొప్పాయి ఆకు రసం తాగించి, జ్వరం తగ్గగానే మరిచిపోయాం. పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగినప్పుడు ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లను తనలోనే పట్టి ఉంచుతుందని అప్పుడు మాకు ఎవరూ చెప్పలేదు. నెల తర్వాత మళ్లీ చూసి ఉంటే, అప్పటికీ తక్కువే ఉంటే, ఒక స్కానింగ్, ఒక ఎండోస్కోపీ చేయించేవాళ్లం. ఉబ్బిన సిరలకు పగలకముందే రబ్బరు బ్యాండ్లు వేయొచ్చు. లేదా కార్వెడిలాల్ లాంటి మాత్రతో ఒత్తిడి తగ్గించొచ్చు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 30 ఏళ్లు దాటిన వాళ్లకు బీపీ, షుగర్ చూస్తున్నారు. ఫ్యాటీ లివర్‌ని కూడా కేంద్రం 2021లోనే ఆ కార్యక్రమంలో కలిపింది. మన జిల్లాలో అది కాగితం దాటి రావాలి. షుగర్ ఉన్నవాళ్లకు, తాగే అలవాటున్నవాళ్లకు వయసు, లివర్ ఎంజైములైన ఏఎస్‌టీ, ఏఎల్‌టీ, ప్లేట్‌లెట్లు కలిపి, లివర్‌లో మచ్చలను అంచనా వేసే ఫిబ్-4 లెక్క కట్టాలి. జ్వరం తగ్గి నెలైనా ప్లేట్‌లెట్లు లక్షన్నర దాటనివాళ్లను పిలిచి లివర్ పరీక్ష చేయించాలి. అందుకు కావాల్సింది ఒక ఏఎన్ఎమ్ చేసే ఒక్క ఫోన్ కాల్.