ప్లస్ ఆర్ మైనస్ మాకెందుకండీ

మా మేనల్లుడు ఎమ్మెస్సీ ఎనలిటికల్ కెమిస్ట్రీ చదివి ఓ రొయ్యల ఫ్యాక్టరీ ల్యాబులో చేరిన దగ్గర్నుంచీ మా ఇంట్లో ఏ అంకెకూ మర్యాద లేకుండా పోయింది. సంక్రాంతికి వచ్చినప్పుడు, "పరమాన్నంలో బెల్లం ఎంత వేశావత్తా?" అని అడిగాడు. "అరకిలో" అంది మా ఆవిడ. "ప్లస్ ఆర్ మైనస్ ఎంత?" అన్నాడు. ఆవిడ గరిటె పక్కన పెట్టి నావైపు చూసింది. మీ చెల్లెలి కొడుకేగా అన్నట్టు.

కొలతకి పక్కన దాని అనిశ్చితి, అంటే ఆ అంకె అటూ ఇటూ ఎంత తేడా రావచ్చో చెప్పకపోతే ఆ కొలతకి అర్థమే లేదట. దీనికోసం 1993లో అంతర్జాతీయంగా ఓ గైడు కూడా వేశారట. అంటే దేశదేశాల పెద్దలు కూర్చుని, "మాకు సరిగ్గా తెలీదు" అన్న ముక్కని పద్ధతిగా ఎలా చెప్పాలో పుస్తకం రాసుకున్నారన్నమాట. పాపం, పనిలేదనుకుంటాను.

మా డెల్టాకి ఈ జబ్బు లేదు. గింజలు కొలిచేటప్పుడు "ఒకటి" అనకుండా "లాభం" అని మొదలుపెట్టి, ఏడు రాగానే "ఆరున్నొకటి" అని దాటేసిన వాళ్ల పిల్లలం. అంకెని ఎలా చూసుకోవాలో మాకు ఒకరు నేర్పాలా? ధవళేశ్వరం దగ్గర గోదారి 11.75 అడుగులకొస్తే మొదటి హెచ్చరిక. 13.75కి రెండోది, 17.75కి మూడోది. పాయింట్ ఏడు అయిదు దాకా చెబుతున్నాం. పక్కన ఎవరైనా ప్లస్ ఆర్ మైనస్ పెట్టారా?

ఇక ధాన్యం సంగతి. తేమ 17 శాతం దాటకూడదు. మొన్న దాళ్వాకి నా ధాన్యం కొనుగోలు కేంద్రంలో 16.8 వచ్చింది. మూడు కిలోమీటర్ల అవతల మిల్లులో 18.6 వచ్చింది. నెత్తి మాడే ఎండలో, ట్రాక్టరు మీద వెళ్లిన ధాన్యం దారిలో తడిసిపోయింది. నేను మిల్లు మాటే నమ్మాను. మీటరు అబద్ధం ఎందుకాడుతుంది, దానికేమైనా పొలం ఉందా?

మేనల్లుడు ఊరుకోడు కదా. "మీటరు నీళ్లని కొలవదు మావయ్యా. గింజల్లో కరెంటు గుణం ఎలా ఉందో చూసి తేమని అంచనా కడుతుంది. గింజ వేడిగా ఉన్నా, రకం మారినా, గట్టిగా కూరినా అంకె మారుతుంది. ఓవెన్‌లో ఎండబెట్టి, ముందూ వెనకా తూచిన ధాన్యంతో మీటరుని సరిచూస్తూ ఉండాలి. చివరిసారి ఎప్పుడు చూశారో అడిగారా?" అన్నాడు. అడిగాను. మీటరు కొన్నప్పుడు చూశామన్నారు.

ఇంకో మాట చెప్పాడు. ల్యాబు "పాస్" అనో "ఫెయిల్" అనో చెప్పాలంటే, తనకున్న అనిశ్చితిని ఎలా లెక్కలోకి తీసుకుందో ముందే తేల్చుకోవాలట. ల్యాబులు ఎలా పనిచేయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 17025లో 2017 నుంచీ అది రాసిపెట్టి ఉంది. హద్దు 17, వచ్చింది 17.2, అటూ ఇటూ 0.5 అనుకోండి. పాసా, ఫెయిలా? ఆ 0.5 ఎవరి ఖాతాలో పడుతుంది?

నవ్వొచ్చింది నాకు. ఇంత చదివి ప్లస్ ఎవరిదో మైనస్ ఎవరిదో తేల్చుకోలేకపోయారు. మాకు ఆ గొడవే లేదు. మైనస్ రైతుది. దానికి మా తాతల నాడే పేరు పెట్టేశాం, తరుగు అని. బస్తాకి ఇన్ని కిలోలని కాటా దగ్గరే తేల్చేస్తారు. గైడ్లూ అక్కర్లేదు, స్టాండర్డ్ డీవియేషనూ అక్కర్లేదు. ఇక ప్లస్ అంటారా, దాన్ని నేనింతవరకూ చూడలేదు.

రొయ్యల విషయంలో మాత్రం పరాయి దేశాలవాళ్లు మరీ చాదస్తం. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ కిలోకి 0.15 మైక్రోగ్రాము దగ్గరకొస్తే చాలు, యూరప్ వాళ్లు సరుకు ఆపేస్తారు. 2022 నవంబరుకి ముందు అది 0.3 ఉండేది. వెయ్యి టన్నుల రొయ్యల్లో 0.15 గ్రాము అన్నమాట, చిటికెడు ఉప్పు కూడా కాదు. అంత తక్కువ కొలిచేటప్పుడు ల్యాబుకీ ల్యాబుకీ తేడా రాకుండా ఎలా ఉంటుంది? 1980లో విలియం హార్విట్జ్ అనే ఆయన దీనికి లెక్క కట్టాడు. పదిలక్షల్లో ఒక వంతు కొలిచేటప్పుడు సుమారు 16 శాతం, వందకోట్లలో ఒక వంతుకి దిగితే సుమారు 45 శాతం. కొలిచేది తగ్గేకొద్దీ తగువు పెరుగుతుంది. ఇది కనిపెట్టడానికి ఆయన అన్ని పరీక్షలు తిరగేయడం దేనికి, మా ఊళ్లో అన్నదమ్ముల పంపకాలకొస్తే సరిపోయేది. అయిదెకరాలు అరగంటలో తెగుతాయి, గట్టు మీద జానెడు కోర్టుకెళుతుంది.

విచిత్రం ఏమిటంటే, నిషేధించిన మందు విషయంలో ఏ పాపం తెలియని రొయ్యని దోషిగా తేల్చేసే అవకాశం నూటికి ఒకటి మించకూడదని అదే యూరప్‌లో రూలుంది. సంశయలాభం రొయ్యకి! నా ధాన్యం రొయ్యగా పుట్టి ఉంటే బాగుండేది.

అందుకే మా పక్క టౌనులో ల్యాబు అంటే నాకు గౌరవం. మందుల షాపు వెనక గదిలో ఉంటుంది, చెరువు నీళ్ల పరీక్ష ఫ్రీ. రైతు కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు పట్టుకుని, బండి డిక్కీలో పెట్టుకుని, మధ్యలో టీ తాగి, పన్నెండింటికి వస్తాడు. ఆక్సిజన్ 5.42 అని ప్రింటు ఇచ్చేస్తారు. చెరువులో ఆక్సిజన్ పడిపోయేది తెల్లవారుజామున కదా, అయినా సీసాలో వచ్చిన ఆక్సిజన్ చెరువుదా దారిదా అని మావాడు గొణిగాడు. 5.42 అండీ! రెండంకెలు, దశాంశం తర్వాత! పీహెచ్ మీటరుకి దసరాకి పసుపూ కుంకుమా పెడతారు. బఫర్‌లో, అంటే పీహెచ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణంలో, ముంచి సరిచూడటం లాంటి అపచారాలు చేయరు. గోడ మీద కంట్రోల్ చార్టు, అదే, ఒకే నమూనాని మళ్లీ మళ్లీ కొలిచి వచ్చిన అంకెల్ని చుక్కలుగా పెట్టే పటం, చూస్తే కళ్లు చెమర్చాయి. ఏడాది పొడుగునా చుక్కలన్నీ మధ్యగీత మీదే, పూసలు గుచ్చినట్టు, ఒకే పెన్నుతో. "నిజంగా కొలిస్తే ఇరవైలో ఒకటైనా హెచ్చరిక గీత దాటాలి మావయ్యా" అన్నాడు వీడు. క్రమశిక్షణ అంటే గిట్టదు ఈ తరానికి.

పెద్ద ల్యాబులకైతే ఒకే సరుకు అందరికీ పంపి ఎవరి అంకె ఎంత దూరంలో ఉందో చూసే పరీక్ష ఒకటి ఉంటుందట. మావాళ్ల మర్యాద అక్కడా తప్పదు. "మీకెంత వచ్చిందండీ?" "ఆయ్, ముందు మీరు చెప్పండి." ఇద్దరికీ ఒకటే వస్తుంది.

చివరికి మావాడు పంతం పట్టి ఒక బిందె నీళ్లు రెండు సీసాల్లో ముంచాడు. ఒకదానిమీద నా పేరు, రెండోదానిమీద మా బావమరిది పేరు రాసి అదే ల్యాబుకి పంపాడు. నాకు అమ్మోనియా 0.1, చెరువు బాగుంది. షాపులో పాతబాకీ ఉన్నవాణ్ణి కదా, అప్పు మీద మందు ఇవ్వరు. బావమరిది నగదు మనిషి. అతనికి అమ్మోనియా 0.9, జియోలైట్ నాలుగు బస్తాలు, ప్రొబయాటిక్ రెండు డబ్బాలు, అర్జెంటు.

ఆ బిందెలో నీళ్లు మా ఇంటి బోరువి. బావమరిది సాయంత్రానికే మందు కొనుక్కుని చెరువులో చల్లేశాడు. నేను నా రిపోర్టుకి లామినేషన్ చేయించి కొట్టంలో మేకుకి తగిలించాను. ఊళ్లో అమ్మోనియా లేనిది నాకొక్కడికే.