పత్రి కట్ట విప్పి చూశారా?

వినాయక చవితి పొద్దున బజార్లో "21 రకాల పత్రి" అని అమ్మే కట్టలో రావి, మామిడి, జిల్లేడు కలిపి నాలుగైదు రకాలుంటే గొప్ప. మిగతాదంతా పిచ్చి కొమ్మలే. "మాచీపత్రం సమర్పయామి" అనగానే పిల్లలు "మాచి ఏది?" అంటారు. ఏం చూపిస్తాం, మళ్ళీ ఆ మామిడాకే!

అది పోనీ. ఆ కట్టని పిల్లల ముందు పడేసి "ఆకులు తుంచి పళ్ళెంలో పెట్టు నాన్నా" అంటారే, అక్కడ మండుతుంది ఒళ్ళు. పుస్తకంలో దత్తూరమంటే ఉమ్మెత్త, కరవీరమంటే గన్నేరు. రెండూ కడుపులోకి పోతే విషం. అర్కమంటే జిల్లేడు. తుంచిన చోట బొట్టుబొట్టుగా పాలు కారతాయి. ఆ వేలితో కన్ను నులుముకుంటే కంటిపొర వాచి చూపు మసకబారుతుంది. ఈ మూడూ పెద్దవాళ్ళే తుంచాలి, పూజలోనూ వాళ్ళే వేయాలి. పిల్లలకి గరిక ఇవ్వండి, తులసి ఇవ్వండి. మారేడు, రేగు అయితే ముళ్ళు గిల్లేసి ఇవ్వండి (రేగుముల్లు కొక్కెంలా పట్టుకుంటుంది, లాగితే చర్మం చీరుతుంది).

పూజ కాగానే ఆ చేతులతోనే ఉండ్రాళ్ళ మీద పడతారు. సబ్బుతో కడిగించే తీరిక మాత్రం ఇంట్లో ఒక్కరికీ ఉండదు!