మటన్ మానడం సులువే, మజ్జిగ సంగతి చెప్పండి

తెలుగు నేలమీద మాంసం, గుడ్లతో పాటు పాలూ పెరుగూ కూడా మానాలనే వీగన్ ప్రచారానికి దిగేవారు ముందుగా కోడిని, మేకను చూసి బెంబేలెత్తుతారు. కారణం లేకపోలేదు. 2014లో కేంద్రప్రభుత్వం చేయించిన నమూనా సర్వే ప్రకారం రెండు రాష్ట్రాల్లోనూ నూటికి 98 మందికి పైగా ముక్క తినేవాళ్ళే. అయినా ఆ భయం అనవసరం. అసలు శత్రువు ఫ్రిజ్‌లో రెండో అరలో, స్టీలు గిన్నెలో, మూత కింద మీగడ కప్పుకుని చల్లగా కూర్చుని ఉంది. దాని పేరు పెరుగు.

తెలుగువాడు మాంసం మానగలడని ఏటా కార్తీకంలో రుజువవుతూనే ఉంది. నెల్లాళ్ళు నీచు ముట్టరు, కొందరైతే ఉల్లీ వెల్లుల్లీ కూడా. ఆ త్యాగానికి నష్టపరిహారంగా పనీరు, నెయ్యి, గడ్డపెరుగు రెట్టింపవుతాయి. అంటే మేకకు నెల రోజులు సెలవిచ్చి, ఆ పని గేదె నెత్తిన పెడతాం. ‘వీగన్’ అనే మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. డోనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు కలిసి ‘వెజిటేరియన్’ అనే మాటకు నడుము తీసేసి, తలా తోకా అతికించి దాన్ని తయారుచేశారు. పాలూ గుడ్లూ మానేస్తున్నామని ప్రకటించి సంఘం పెట్టుకున్నారు. వాళ్ళకేం, చివర్లో మజ్జిగన్నం పడకపోతే విస్తరి ముందు నుంచి లేవలేని జాతి కాదు.

శుభవార్త కూడా ఉంది. పులిహోర, గోంగూర పచ్చడి, పప్పుచారు, జొన్నరొట్టె, సకినాలు, నువ్వుండలు, ఆవపెట్టిన పనసపొట్టు కూర, ఇవన్నీ పుట్టు వీగన్లే. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పకండి. చెప్పిన రోజు నుంచి పులిహోరలో ఏదో తగ్గిందంటారు.

ఇక అసలు యుద్ధం. ఊళ్ళోని కిరాణాకొట్లో దొరికే సరుకుతో పెరుగు చేయాలంటే పల్లీలే గతి. ఒక కప్పు పచ్చి పల్లీలు తీసుకోండి. వేయించినవి వాడితే వచ్చేది పెరుగు కాదు, పులిసిన చట్నీ. ఎనిమిది గంటలు నానబెట్టి, పొట్టు ఒలిచి, మూడు కప్పుల నీళ్ళతో మెత్తగా రుబ్బి, పల్చటి గుడ్డలో పిండాలి. పొట్టు ఒలవడానికి బద్ధకిస్తే పెరుగు మట్టిరంగులో, వగరుగా వస్తుంది. దాన్ని చూపించి ఎవరినీ ఏ ధర్మంలోకీ మార్చలేరు. పిప్పి పారేయకండి, వడల పిండిలో కలిసిపోతుంది. పాలను సన్నసెగ మీద గరిటె ఆపకుండా కాచాలి, ఆపితే అడుగంటుతుంది. పొంగు వచ్చాక కనీసం ఐదు నిమిషాలు మరగకపోతే పచ్చిపల్లీ వాసన చివరిదాకా వెంటాడుతుంది. వేలు పెడితే హాయిగా ఉండే వేడికి, అంటే 40 నుంచి 45 డిగ్రీలకు దిగాక తోడు పెట్టాలి.

ఇక్కడే ధర్మసంకటం. ‘పిన్నీ, కాస్త తోడు పెట్టరా?’ అని పక్కింటికి గిన్నె పట్టుకెళ్ళే దారి మూసుకుపోయింది. గేదె గుమ్మం నుంచి వెళ్ళి చెంచాడు రూపంలో దొడ్డిదారిన వచ్చినట్టవుతుంది. కాబట్టి ఎనిమిది పది పచ్చిమిరపకాయల తొడిమలను కాయ పైభాగం కాస్త అంటుకుని వచ్చేలా తుంచి, కడిగి, పాలలో ముంచండి. పెరుగును తోడుకునేలా చేసే బాక్టీరియా వాటిమీద సహజంగానే ఉంటుంది. పల్లీపాలలో మామూలు పాలలో ఉండే చక్కెర, అంటే లాక్టోజ్, ఉండదు గనక దాని మేతకు అరచెంచా పంచదార వేయండి. పది పన్నెండు గంటలు కదపకండి. మే నెలలో ఎనిమిది చాలు, చలికాలంలో గిన్నెను బియ్యం డబ్బాలో పూడ్చండి. మొదటి విడత జారుగా, కాస్త మిరప ఘాటుతో ఉంటుంది. అది తినడానికి కాదు, తోడుకి. అందులోంచి రెండు చెంచాలు వేసి చేసిన రెండో విడతకే పెరుగు అనిపించుకునే అర్హత ఉంటుంది.

ఓపిక లేనివాళ్ళు నిమ్మరసం పిండుతారు. నిమ్మరసానికి పాలు విరుగుతాయి, తోడుకోవు. విరిగినదానికి పోపు పెట్టినా విరిగినదే. పెరుగు మీద నీళ్ళు తేలితే పాలు మరీ వేడిగా ఉండగా తోడు వేశారని, లేదా మరీ ఎక్కువసేపు ఉంచారని అర్థం. గులాబీ చారలో, తీగలు సాగే జిగురో కనిపిస్తే రుచి చూసే సాహసం చేయకుండా పారబోయండి. అన్నీ సరిగ్గా కుదిరినా మీగడ మాత్రం కట్టదు. అందులో పల్లీ తప్పేమీ లేదు.

ఈ పెరుగును మొదటిరోజే ఆవకాయన్నం తర్వాత ఒంటరిగా వడ్డించడం అనుభవం లేనివారి పని. ముందు అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు దంచి మజ్జిగలో దింపండి. ఒక వారం పోయాక పోపు పెట్టిన దద్ధ్యోజనం. మజ్జిగ పులుసు మూడో మెట్టు, అక్కడ జాగ్రత్త: పల్లీ పెరుగు వేడికి తనంతట తానే చిక్కబడుతుంది కాబట్టి శనగపిండి సగానికి తగ్గించాలి. తగ్గించకపోతే పులుసు గరిటెను నిలబెడుతుంది.

కాఫీ విషయంలో సోయా పాలు చేసే ద్రోహం జగమెరిగినదే. చిక్కటి డికాక్షన్‌లోని పులుపూ వేడీ కలిసి దాన్ని విరగ్గొడతాయి. పాలనే ముందు వేడిచేసి, డికాక్షన్ కాస్త చల్లారాక పాలలోకి సన్నధారగా పోస్తే చాలావరకు నిలుస్తుంది. సోయా పాలు ఇంట్లో చేసుకునేవారికి ఒక హెచ్చరిక: అవి మరగకముందే నురగతో గిన్నె దాటి పొంగుతాయి. గృహప్రవేశానికి ఇంత చురుకైన పాలు మరొకటి దొరకవు. అయితే ఆ పొంగు దొంగ పొంగు. మంట తగ్గించి ఇంకో పది నిమిషాలు మరగబెట్టకపోతే సోయా వాసనా పోదు, అరుగుదలకు అడ్డుపడే గుణమూ పోదు. ప్యాకెట్టు కొనేవారు దానిమీద ‘పాలు’ అనే మాట కోసం వెతకొద్దు. ఆహార భద్రతా ప్రాధికార సంస్థ ఆ హోదాను పశువులకే ఉంచింది. మినహాయింపు దక్కింది కొబ్బరిపాలకు. ఆకుపచ్చ చుక్కను నమ్ముకోవడమూ పొరపాటే, పాలపొడి కలిసిన బిస్కెట్టుకూ అదే చుక్క ఉంటుంది. మీకు కావలసింది ఆకుపచ్చ ‘వి’ గుర్తు.

నెయ్యి గురించి పెద్దగా గొడవ లేదు. కందిపొడి అన్నంలో పచ్చి పప్పునూనె కలుపుకోవడం మన తాతలకు తెలిసినదే. హోటల్లో మాత్రం ‘నెయ్యి వద్దు’ అంటే చాలదు. ‘నెయ్యి వెయ్యలేదు సార్, బటరే’ అని సర్వరు చిరునవ్వుతో ప్లేటు పెట్టి వెళ్తాడు.

ఇప్పుడు నవ్వకుండా వినాల్సిన మాట. బి12 విటమిన్ మొక్కల్లో దొరకదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్కలో పెద్దవాళ్ళకు రోజుకు 2.2 మైక్రోగ్రాములు కావాలి. స్పిరులినా అనే నాచులో పుష్కలంగా ఉందనే వాట్సాప్ వైద్యాన్ని నమ్మకండి, అందులోది ఎక్కువగా ఒంటికి పనికిరాని నకలు. మాత్ర వేసుకోవాల్సిందే. కానీ గొట్టం మాత్రల పైతొడుగు చాలావాటిలో జిలాటిన్, అంటే పశువుల ఎముకలు, తోళ్ళ నుంచి తీసినది. డి3 విటమిన్ సాధారణంగా గొర్రె ఉన్నిలోని మైనం నుంచి వస్తుంది. మేకను వదిలి, గేదెను వదిలి, మందుల షాపులో గొర్రెకు దొరికిపోవడం అంటే ఇదే. లేబుల్ చదివి కొనండి. కాల్షియానికి పల్లీ పెరుగు మీద ఆధారపడకండి, దాంట్లో ఉండేది కొంచెమే. రాగులు, నువ్వులు ఉన్నాయి.

చివరగా ఇతరులను మార్చడం. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, కొత్త వీగన్‌కు పంక్తి మర్యాద తెలియదు. పెళ్ళి భోజనంలో అత్తయ్య పెరుగు గరిటెతో వంగి ఉండగా దూడ కన్నీళ్ళ గురించి ఉపన్యాసం మొదలెడతాడు. ఆ రోజు మారేది పెరుగు కాదు, వచ్చే పెళ్ళికి పిలుపుల జాబితా. అసలు నిగ్రహానికి మారుపేరైన గాంధీజీకే ఇది సాగలేదు. 1912లో దక్షిణాఫ్రికాలో పాలు మానేసిన మనిషి, తర్వాత జబ్బుపడి మంచం పట్టినప్పుడు, మీ ప్రమాణం ఆవు గేదె పాల గురించే కదా అని కస్తూర్బా గుర్తుచేస్తే మేకపాలు తాగారు. మాట నిలిచింది గానీ అందులోని ఆత్మ పోయిందని తన ఆత్మకథలో బాధపడ్డారు. ఆ కంత కనిపెట్టింది ఇంటివాళ్ళే అని గమనించండి. మీ ఇంట్లో ఆ కంత పేరు ‘ఒక్క చుక్కేరా, ఏం కాదు’.

కాబట్టి వాదన వద్దు. మన పెద్దలు ఇచ్చిన ఆయుధం ఒకటుంది: కాశీ. కాశీలో ఏదైనా ఒకటి వదిలేసి రావడం ఆచారం. చాలామంది తమకు ఎలాగూ గిట్టని కాకరకాయను వదిలి పుణ్యం మూటగట్టుకుంటారు గానీ, ‘కాశీలో వదిలేశాను’ అన్న మాటకు మాత్రం ఇప్పటికీ ఎదురు ప్రశ్న లేదు. వాతావరణం, పశువుల హక్కులు, కొలెస్ట్రాల్ అని అరగంట చెప్పి సాధించలేనిది ఈ రెండు ముక్కలు సాధిస్తాయి. అత్తయ్య గరిటె వెనక్కి తీసుకుంటుంది, మావయ్యగారు భక్తిగా చూస్తారు. ఒకే ఒక్క చిక్కు బామ్మతో వస్తుంది. ‘నన్ను తీసుకెళ్ళకుండా కాశీ ఎప్పుడు వెళ్ళొచ్చావురా?’ అని అడిగితే, మిరప తొడిమలూ అరచెంచా పంచదారా అక్కడ పనిచేయవు.