ఆట రావడం ఒక్కటే చాలదు
ఆట బాగా వచ్చినవాళ్లెవరైనా విదేశాల్లో పిల్లల సమ్మర్ క్యాంపుకి వాలంటీర్ కోచ్‌గా వెళ్లొచ్చని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. అమెరికాలో ఒక క్యాంపులో ఫుట్‌బాల్ నేర్పించాను. ఆట నేర్పేది రోజులో కొద్దిసేపే. మిగతా టైమంతా పిల్లల్ని లెక్కపెట్టుకోవడం, నీళ్లు తాగించడం, అలిగి కూర్చున్నవాణ్ని బతిమాలి లేపడం. రాత్రయ్యేసరికి అమ్మ గుర్తొచ్చి ఏడ్చేవాళ్లుంటారు, వాళ్లని సముదాయించేదీ మనమే. గెలిపించి తీరాలనే పట్టుదల ఉన్న మంచి ఆటగాళ్లే అక్కడ అందరికంటే ముందు విసిగిపోయారు. చిన్నపిల్లల్లో సగం మందికి గోల్ కంటే గడ్డిలో మిడతే ముఖ్యం మరి! ఇక వీసా సంగతి ఆ వ్యాసంలో అసలు లేదు. అమెరికాలో క్యాంప్ కౌన్సెలర్లకి, అంటే క్యాంపులో పిల్లల్ని చూసుకునేవాళ్లకి, జే-1 అనే ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసాలో విడిగా ఒక కేటగిరీ ఉంది. 18 ఏళ్లు నిండాలి, ఇంగ్లీషు బాగా రావాలి, గరిష్ఠంగా 4 నెలలే. అక్కడివాళ్లకి ఇచ్చే స్థాయిలోనే జీతం, సౌకర్యాలు ఇవ్వాలి. వంటకీ అంట్లు తోమడానికీ పెట్టకూడదు. వాలంటీర్ అనే పేరుతో పిలిచి వంటగదిలోకి పంపిస్తే మొహమాటపడకుండా మీ వీసాకి స్పాన్సర్‌గా ఉన్న సంస్థకి చెప్పండి.